ఇంతియాజే మొదలు చేసిండు

మొదటి ఆశ్చర్యార్థకం తెరమీద పడింది, దాని వెనకే ఇంకొకటి, ఇంకొకటి, చీమలబారులా వరుసకట్టి. హైదరాబాద్‌లో ఎక్కడో ఉన్న సర్వర్ నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ ఫైలు జనగామ టెలికాం స్టేషన్‌లోని రూటర్‌లోకి దిగుతోందని ఆ గుర్తులకు అర్థం. ఒక ముక్క క్షేమంగా చేరితే ఒక ఆశ్చర్యార్థకం. ఈ గుర్తే ఎందుకు పెట్టారో, చుక్క పెడితే సరిపోయేది కదా, ఇందులో ఆశ్చర్యపోవాల్సింది ఏముంది అని ఇంతియాజ్ ఎన్నోసార్లు అనుకున్నాడు, ఇప్పుడూ అనుకున్నాడు, ల్యాప్‌టాప్‌ను మోకాళ్ల మీద సర్దుకుంటూ, దాన్నుంచి రూటర్‌కు పోయే నీలిరంగు కేబుల్ కాలికి తగలకుండా పక్కకు జరుపుతూ. చుట్టుపక్కల ఊళ్ల ఫోన్లలో ఎవరేం మాట్లాడినా ఆ మాట ఏ దారిన పోవాలో చెప్పేది మనిషంత ఎత్తున్న ఆ ఇనుప పెట్టే. దాని ఫ్యాన్లు ఒకే శ్రుతిలో మోగుతున్నాయి. కరెంటు పోయి చాలాసేపైంది. సమ్మెతో భూపాలపల్లిలో బొగ్గుబాయిలు బందైనప్పటి నుంచీ కరెంటు వచ్చేదే కాసేపు, పోయినప్పుడల్లా ఊరు ఉడికిపోతున్నా జనం సంతోషిస్తున్నారు, మన దెబ్బ తగిలిందని. ఇంట్లో చీకట్లో విసనకర్ర ఊపుకుంటూ ఇంతియాజ్ కూడా అలా సంతోషించినవాడే. ఇప్పుడు మాత్రం ఏసీ ఆపేసి, బ్యాటరీలను రూటర్ కోసం పొదుపుచేస్తూ, చొక్కా వీపుకు అంటుకుపోతుంటే, కరెంటు తొందరగా వస్తే బాగుండని ఎదురుచూస్తున్నాడు. ఆ కోరిక తనకే ఎబ్బెట్టుగా తోచింది. గోడ అవతల, రోడ్డు పక్కన వేసిన సమ్మె టెంటు నుంచి బతుకమ్మ పాట వినిపిస్తోంది, పాట మధ్యలో చప్పట్లు, చప్పట్ల మధ్యలో ఎవరిదో నవ్వు.

ఇంతియాజ్ ఆ టెంటులో ఉండవలసినవాడు. ఇన్నాళ్లూ అక్కడే ఉన్నాడు. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది మొదలు బస్సులు కదల్లేదు, బడులు తెరవలేదు, పత్తి మార్కెట్‌లో కాంటా ఊగలేదు. సర్కారు నౌకర్లు చేస్తే సరిపోతుందా, మనం కూడా చెయ్యాలని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి స్టేషన్లలో పనిచేసే టెక్నీషియన్లు, అందరూ కాంట్రాక్టు వాళ్లే, ఒకచోట కూడి చేతిమీద చెయ్యి వేసుకున్నప్పుడు అన్నిటికంటే కింద ఉన్నది ఇంతియాజ్ చెయ్యి, దానిమీద శ్రీపాల్ చెయ్యి. శ్రీపాల్ వాళ్ల సంఘానికి పెద్ద. ఆ రోజు పెట్టుకున్న కట్టడి ఒక్కటే: ఏదైనా చెడిపోతే బాగుచేద్దాం, దవాఖానకు ఫోన్ కలవక ఎవరి ప్రాణమైనా పోతే పాపం మనదే, కానీ కొత్త పని ముట్టవద్దు. కొత్త పని అంటే ఏమిటో అందరికీ తెలుసు, ఈ సాఫ్ట్‌వేరే. ఇప్పుడున్న పాతదాన్ని దూరం నుంచి ఆపి మళ్లీ లేపడం తప్ప ఇంకేమీ చెయ్యలేరు, పక్కన మనిషి లేనిదే మాట వినదు. ఫైలు మార్చాలన్నా, మళ్లీ లేచేటప్పుడు ఏ ఫైలుతో లేవాలో చెప్పాలన్నా ఎవరో ఒకరు వచ్చి కేబుల్ పెట్టుకుని కూర్చోవాలి. ఒక్కసారి కొత్తది ఎక్కిందంటే హైదరాబాద్‌లోని కంట్రోల్ రూమ్ నుంచే అన్నీ నడుపుకుంటారు. కంపెనీ ఎన్నాళ్లుగానో దీనికోసమే తొందరపడుతోంది. వీళ్ల చేతిలో ఉన్న బలమల్లా ఆ కేబుల్ పెట్టకపోవడమే.

మరి తనెందుకు పెట్టాడు? శ్రీపాల్ పెట్టమన్నాడు కనుక. నిన్న సాయంత్రం టెంటు వెనక్కి తీసుకుపోయి, భుజం మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి చెప్పాడు. “భాయ్, పాత సాఫ్ట్‌వేర్‌ల లోపమున్నది. అందరొక్కసారి ఫోన్లు చేస్తే మిషిన్ బిగుసుకపోతదట. వచ్చే వారం సభ నాడు మనోళ్ల ఫోన్లే పనిచెయ్యకపోతే ఎట్ల? సంఘం కమిటీల మాట్లాడిన, ఒప్పుకున్నరు. మానుకోటల దస్రు చేసిండు, భూపాలపల్లిల విజయ చేసింది. నువ్వొక్కనివే మిగిలినవ్. జర చప్పుడు గాకుండ కానియ్యి.” మానుకోట అంటే మహబూబాబాదే, అక్కడివాళ్ల నోట మరో పేరు రాదు. కమిటీలో ఎవరు ఒప్పుకున్నారని ఇంతియాజ్ అడగలేదు. అడగాలని తోచలేదు. పొద్దున లతీఫా చాయ్ గ్లాసు అందిస్తూ ఎక్కడికని అడిగితే టెంటుకే అన్నాడు, పెండ్లయిన ఇన్నేళ్లలో ఆమెతో ఇంత తేలిగ్గా అబద్ధం ఆడింది లేదు. మంచి పని కోసమే కదా అని గల్లీ చివరిదాకా తనకు తనే చెప్పుకుంటూ నడిచి, టెంటు కంట పడకుండా మిల్లు పక్క సందులోంచి తిరిగి వచ్చి, చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు. తన స్టేషన్‌లోకి తనే దొంగలాగా.

ఆశ్చర్యార్థకాలు ఒక వరుస నిండి రెండో వరుసకు దిగాయి. పెద్ద ఫైలు, తొందరేమీ లేదు దానికి. అంతకుముందు చేయవలసినవన్నీ చేశాడు, ఖాళీ జాగా చూశాడు, రూటర్‌లో ఇప్పుడున్న అమరిక మొత్తాన్ని ల్యాప్‌టాప్‌లోకి ఎత్తి దాచాడు, కొత్తది కుదరకపోతే మళ్లీ యథాతథంగా పెట్టుకోవడానికి. దాచేటప్పుడు తెరమీద పైకి పాకిపోయిన లైన్లన్నిటి పక్కనా ఊళ్ల పేర్లు, రఘునాథపల్లి, దేవరుప్పుల, బచ్చన్నపేట, అన్నీ తనూ శ్రీపాలూ కలిసి కలిపినవే. బచ్చన్నపేట దగ్గర కళ్లు ఆగాయి. అది రంజాన్ నెల, మబ్బుపట్టి గాలి ఆడని రోజు, టవర్ ఎక్కి డిష్ తిప్పాలి, ఎక్కబోతుంటే శ్రీపాల్ నడుముకున్న బెల్టు విప్పి లాక్కున్నాడు, రోజా ఉన్నవ్, కండ్లు తిరిగి పడితే లతీఫా భాభీకి నేనేం జవాబు చెప్పాలె అని. శ్రీపాలే ఎక్కి, పని చేసి, దిగి, పెదవులు ఎండి పిడచకట్టుకుపోయినా గుక్కెడు నీళ్లు తాగలేదు. తాగు భై అంటే దూప అయితలేదన్నాడు. మగ్రిబ్ అజాన్ వినిపించాక ఇద్దరూ ఒక్క బిందె దగ్గర కూర్చుని తాగారు. అలాంటివాణ్ణి ఏ కమిటీ ఏమన్నది అని అడుగుతారా ఎవరైనా. వాళ్ల అమ్మ నర్సమ్మ ఇంట్లో గిన్నెలకు కళాయి పెట్టింది తన తండ్రి బాబామియా. వరంగల్‌లో చదువుకునేటప్పుడు నర్సమ్మ కట్టి పంపిన జొన్నరొట్టెల మూటలో శ్రీపాల్ వాటా ఇది, నీ వాటా ఇది అని ఎప్పుడైనా ఉందా.

ఇంకోసారి హైదరాబాద్ ఆఫీసులో మీటింగ్, గాజు గోడలు, చల్లగా, అక్కడ ఇంతియాజ్ లేచి నిలబడి బ్యాటరీల సంగతి చెబుతూ గిట్లయితె గట్లయితది సార్ అన్నాడు, బల్ల చుట్టూ కిసుక్కుమన్నారు, ఒకాయనైతే గిట్ల గట్ల అని సినిమాలో బఫూన్‌లాగా తిప్పి పలికాడు. ఇంతియాజ్ మిగతా మాట చెప్పకుండానే కూర్చున్నాడు. అప్పుడు పక్క కుర్చీలోంచి శ్రీపాల్ లేచాడు. “మా మాట మీకు అర్థమైంది గద సార్? అర్థమైనంక నవ్వెందుకు?” ఆ గదిలో మళ్లీ ఎవరూ నవ్వలేదు. తిరుగు రైల్లో ఇద్దరూ తలుపు దగ్గర నిలబడి వచ్చారు. రెండేళ్ల కిందటి డిసెంబర్‌లో తెలంగాణ ఇస్తున్నామని ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చిన రాత్రి ఊరంతా రోడ్డుమీదే ఉంది, తర్వాత కొద్దిరోజులకే ఆ మాట వెనక్కి పోయినప్పుడు స్టేషన్ మెట్లమీద కూర్చుని శ్రీపాల్ పసిపిల్లవాడిలా ఏడ్చాడు, మాట ఇచ్చి తప్పినోడు మనిషేనా భాయ్ అని. వీపు నిమిరింది తనే. మొన్న సమ్మె మొదలైన దినాల్లో టెంటులో ఎవరో, చూసుండ్రి, సాబులు సగం తొవ్వల దిగిపోతరు అన్నప్పుడు, శ్రీపాల్ ఇంతియాజ్ చెయ్యి పట్టి పైకెత్తి, ఈయన నిలబడ్డ కాడ నేను నిలబడ్త అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లకు సంతోషపడ్డాడు, సంతోషపడినందుకు లోపలెక్కడో చివుక్కుమంది కూడా, పక్కవాడు ఎత్తి చూపిస్తేనా తన చెయ్యి కనబడేది అని. దాన్ని అప్పుడే అదిమేశాడు.

ఫోన్ మోగింది. దస్రు. మరిపెడ దగ్గర తండావాడు, నెమ్మదస్తుడు, ఒక మాట అనడానికి రెండుసార్లు ఆలోచిస్తాడు.

“ఇంతియాజన్నా, పరేషాన్‌ల ఉన్న. కొత్త ఫైలుకు జాగ లేదంటున్నది మిషిన్. పాత ఫైళ్లు రెండున్నయి. నువ్వు చేసినప్పుడు ఏది తీసేసినవే?”

“నేనెప్పుడు చేసిన?”

అటువైపు ఫ్యాన్ల చప్పుడు. మానుకోట రూటర్ ఫ్యాన్లు. దస్రు కూడా లోపలే ఉన్నాడు.

“మొన్ననే చేసినవట గదా అన్నా. శ్రీపాలన్న చెప్పిండు. ఇంతియాజే మొదలు చేసిండు, ఇగ నీదొక్కటే మిగిలింది అన్నడు. నువ్వు చేసినవంటెనే నేను తాళం తీసిన.”

ఇంతియాజ్ తెరవైపు చూశాడు. గుర్తులు పడుతూనే ఉన్నాయి. ఒకటి, దాని పక్కన ఇంకొకటి. ఆగాలి కదా ఇప్పుడు, ఇంత మాట విన్నాక ఏదో ఒకటి ఆగాలి, ఫ్యాన్లో, పాటో, ఛాతీలో కొట్టుకుంటున్న ఇదో. ఏదీ ఆగలేదు. దస్రూ, ఏదీ తీసెయ్యకు, ఉన్నది ఉన్నట్టుంచి కేబుల్ పీకి బయటికి పో అని మాత్రం అనగలిగాడు. ఎందుకన్నా అని దస్రు అడిగితే, మళ్ల చెప్త అన్నాడు, ఫోన్ పెట్టేశాక కూడా చెవి దగ్గరే పట్టుకుని ఉన్నాడు. ఏదో పొరపాటు అయి ఉంటుంది. శ్రీపాల్ ఒకటి చెబితే దస్రు ఇంకొకటి విని ఉంటాడు. నీదొక్కటే మిగిలింది అన్నాడట. నువ్వొక్కనివే మిగిలినవ్ అన్నాడు తనతో. అదే మాట, అదే విరుపు, గొంతు తగ్గించడం కూడా అదే అయి ఉంటుంది, భుజం మీద చెయ్యి కూడా. భూపాలపల్లిలో విజయకు ఫోన్ కలిపే లోపల అల్లా, ఆమె నిజంగానే తనంతట తనే చేసిందని చెప్పాలి అని కోరుకున్నాడు.

విజయ టేకుమట్ల మనిషి, భర్త రాకేశ్ బొగ్గుబాయిలో పనిచేస్తాడు, సమ్మెలో ఉన్నాడు. ఫోన్ ఎత్తుతూనే ఆమె చెప్పేసింది. “నేను అయిపోగొట్టిన అన్నా. లేచేటప్పుడు కొత్తదానితోటి లేవమని లైను గూడ రాసిపెట్టిన. వద్దు వద్దన్న, శ్రీపాలన్న వినలే. ఇంతియాజే మొదలు చేసిండు, ఆయనే ఒప్పుకున్నంక మనమెంత అన్నడు. నీ పేరు చెప్పకపోతే నేను ముట్టకపోదును.” అబద్ధం విజయా, నేను చెయ్యలే, లోపలికి పోయి ఆ లైను తీసెయ్యి అన్నాడు. ఆమె ఏడ్చింది. స్టేషన్ గేటు ముందరనే ఇయ్యాల బాయి కార్మికులు దీక్షకు కూసున్నరు, రాకేశ్ అండ్లనే ఉన్నడు, నేనెట్ల పోవాలె, ఏమని పోవాలె అంది. మళ్లీ పొమ్మనలేక ఇంతియాజ్ ఫోన్ పెట్టేశాడు.

తన పేరు. పైకెత్తి చూపిస్తే చప్పట్లు కొట్టించుకున్న పేరు. సగం దారిలో దిగిపోడని టెంటు సాక్షిగా ఖాయం చేసిన పేరు. దాన్ని అంత గట్టిగా నిలబెట్టినవాడే తీసుకుపోయి వీళ్లిద్దరి ముందు జామీను పెట్టాడు, ఇంతియాజ్ చేశాడంటే దస్రు అడగడు, విజయ అడగదు, ఆ సంగతి వాడికి తెలుసు. ఎప్పటినుంచి తెలుసు? ఆ రోజు చెయ్యి పైకెత్తినప్పుడే తెలుసా? బచ్చన్నపేటలో బెల్టు విప్పుకున్నప్పుడు తెలియదు, అప్పటికి తెలియదు, అది ఒట్టి ప్రేమే. గాజు గోడల గదిలో లేచి నిలబడ్డది కూడా ఒట్టిదే, అందులో మతలబు లేదు. మరి ఎక్కడ మొదలైంది, ఏ ఊరి దగ్గర, ఏ లైను దగ్గర, అని వెనక్కి వెనక్కి పోతూ వెతికాడు, ప్రతి జ్ఞాపకం దగ్గరా ఆగి గోరుతో గీకి చూశాడు, ఏ పూతా లేవలేదు. అదే ఇంకా ఘోరంగా ఉంది. అన్నీ అబద్ధాలైతే బతికిపోయేవాడు.

మళ్లీ ఫోన్. ఈసారి హైదరాబాద్, కంట్రోల్ రూమ్ ఆఫీసర్ కేశవరావు, రాజమండ్రి వైపు మనిషి. “ఇంతియాజ్ గారూ, జనగామలో ఫైలు దిగుతున్నట్టు ఇక్కడ కనిపిస్తోందండీ. నాకు ఆశ్చర్యమేసింది. మీరు సమ్మెలో ఉన్నారు కదా, నేనైతే రమ్మని అడగలేదు, అడగను కూడా. శ్రీపాల్ గారేమో మీరంతా ఇష్టపడే చేస్తున్నారన్నారు.” ఆ ఊపులోనే, “వచ్చే నెల నుంచి ఆయన మా దగ్గరే కదండీ, ఈ కంట్రోల్ రూమ్‌కే పర్మినెంట్‌గా వస్తున్నారు. మీకు చెప్పే ఉంటార్లెండి” అన్నాడు. భూపాలపల్లిని ఎప్పుడు రీస్టార్ట్ చేస్తరు సార్ అని ఇంతియాజ్ అడిగాడు. పొద్దుగూకాక అని జవాబు. మీది సిద్ధమైతే మీది కూడా. ఇంతియాజ్ కళ్లు మూసుకున్నాడు. పర్మినెంట్. మూడు స్టేషన్లను సిద్ధం చేయిస్తే ఒకడికి పర్మినెంట్, ఆ ఒకడు కూర్చోబోయే కుర్చీలోంచే ఇక్కడి మిషిన్లన్నీ నడిచిపోతే దస్రుతో పని లేదు, విజయతో పని లేదు, తనతో పని లేదు. “మాది సిద్ధం కాదు సార్” అన్నాడు. సరేనండీ, మీ ఇష్టం అన్నాడు కేశవరావు. ఇన్నాళ్లూ ఆ యాస వినిపిస్తే చాలు ఒళ్లు బిగుసుకునేది. ఇవాళ శ్రీపాల్ దాచినదాన్ని ఉన్నదున్నట్టు చెప్పింది ఆ యాసే అని తోచింది.

గుర్తులు ఆగాయి. ఫైలు పూర్తిగా దిగింది. ఇక మిగిలింది సరిగ్గా దిగిందో లేదో సరిచూడడం, లేచేటప్పుడు దీనితో లేవమని ఒక్క లైను రాయడం. చేతులు అలవాటుకొద్దీ ఆ లైను మొదటి అక్షరాలు కొట్టేశాయి కూడా. చెరిపేశాడు. సగంలో వదిలేసి కోపంగా లేచిపోవాలనిపించింది, కానీ సగం పనితో వదిలిన మిషిన్ రేపు ఏ కారణంగా ఆగి లేవబోయినా లేవలేకపోతే ఊరికి దవాఖాన కూడా పలకదు, ఆ పాపం శ్రీపాల్ ఖాతాలో పడదు. నెమ్మదిగా, రోజూ చేసే పనిలాగానే, కొత్త ఫైలును తీసెయ్యమన్నాడు. నిజంగానేనా అని అడిగింది రూటర్. అవునని నొక్కాడు. పాత ఫైలు ఉన్నచోటే ఉందని చూశాడు, లేచేటప్పుడు దానితోనే లేస్తుందని రెండుసార్లు చూశాడు, కేబుల్ చుట్టి సంచిలో పెట్టాడు. చెప్పులు తొడుక్కున్నాడు.

టెంటు కింద ఆడవాళ్లు బతుకమ్మ చుట్టూ తిరుగుతున్నారు. దీక్షలో కూర్చున్నవాళ్ల మధ్య శ్రీపాల్, మెడలో బంతిపూల దండ. ఇంతియాజ్‌ను చూడగానే ముఖం వెలిగింది, పక్కకు జరిగి, చాపను తువ్వాలతో దులిపి, కూసో భాయ్ అన్నాడు. వంగి చెవి దగ్గర, ఇద్దరి మధ్యా ఎప్పుడూ నడిచే దక్కనీలో అడిగాడు. “హోగయా?” అయ్యిందా అని. ఆ ముఖంలో జంకు లేదు, దాపరికం లేదు, బిందె దగ్గర కూర్చుని నీళ్లు తాగిన ముఖమే.

“కాలే” అన్నాడు ఇంతియాజ్, అందరికీ వినబడేలా. “దస్రుకు, విజయకు నా పేరు చెప్పి పని చేయించినవా లేదా?”

పాట ఆగింది. “అందరున్నరు భాయ్, తర్వాత మాట్లాడుదాం” అన్నాడు శ్రీపాల్ మెల్లగా.

“అందరున్నరనే అడుగుతున్న.”

శ్రీపాల్ లేచి నిలబడ్డాడు. ఒక్క క్షణం అతని కళ్లు టెంటు అంతా తిరిగి వచ్చాయి. గొంతు పెరిగింది. “పొద్దటి సంది లోపట కూసోని మిషిన్ ముట్టింది ఎవలు? నువ్వా, నేనా?”

ముఖాలన్నీ ఇంతియాజ్ వైపు తిరిగాయి. చేతిలోని సంచి వైపు. చాయ్ కలిసి తాగినవాళ్లే, నినాదాలు కలిసి ఇచ్చినవాళ్లే.

“నేనే” అన్నాడు.

వెనక నుంచి ఎవరో, అనుకున్నదే అన్నారు. స్టేషన్ ఊడ్చే లచ్చవ్వ మాత్రం ముందుకు వచ్చింది. “అది సరే కొడుకా. నిన్ను లోపటికి పొమ్మన్నదెవలు?”

ఇంతియాజ్ నోరు తెరిచేలోపే శ్రీపాల్ చెయ్యి భుజం మీద పడింది, బరువుగా, ఆప్యాయంగా. “వదిలేయుండ్రి” అంటున్నాడు అందరితో. “మనోడే. ఆశ పుట్టింది, పోయిండు, మళ్ల మనసు మార్చుకోని వచ్చిండు. తప్పు ఒప్పుకున్నోణ్ణి ఏమంటం? కడుపుల పెట్టుకుందాం.” చప్పట్లు మొదలయ్యాయి, ముందు ఒకరిద్దరు, తర్వాత అందరూ. ఆ చప్పట్ల చాటున శ్రీపాల్ మళ్లీ చెవి దగ్గరకు వంగాడు. “మహీనా భర్ సబర్ కర్తా తో తేరేకు భీ ఉధరీచ్ బులా లేతా థా నా, యార్.” ఒక్క నెల ఓపిక పడితే నిన్ను కూడా అక్కడికే పిలుచుకునేవాణ్ణి కదా అని. నిజమే చెబుతున్నాడు. పిలుచుకునేవాడే. ఆ సంగతి ఇంతియాజ్‌కు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

చప్పట్లు సద్దుమణిగేదాకా కదలకుండా నిలబడ్డాడు. తర్వాత భుజం మీది చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని తీసి, పక్కన వదిలేశాడు.

“లచ్చవ్వా” అన్నాడు, “ఇందాక నువ్వొకటి అడిగినవు, నేనింక జవాబు చెప్పలే. మళ్లొక్కసారి అడుగు.”

లచ్చవ్వ ఇద్దరి ముఖాలూ చూసింది. ఈసారి ఇంకా గట్టిగా అడిగింది.